నిట్టింగ్‌లో గేజ్: అపోహలు - వాస్తవాలు

ఛాతీ చుట్టూ 100 సెం.మీ. ఉండాల్సిన స్వెటర్‌కి ప్యాటర్న్‌లో (అల్లే సూచనల్లో) 220 కుట్లు ఎక్కించమని ఉందనుకోండి. ప్యాటర్న్ రాసినవాళ్ల అల్లికలో 10 సెం.మీ. వెడల్పుకి 22 కుట్లు పట్టాయి కాబట్టి 220 అన్నారు. మీ అల్లికలో అదే వెడల్పుకి 20 కుట్లే పడితే ఆ 220 కాస్తా 110 సెం.మీ. అవుతాయి. 24 పడితే 92 దగ్గరే ఆగిపోతాయి. ఊలు అదే, సూదీ అదే, కుట్ల లెక్కా తప్పలేదు. అయినా ఒక స్వెటర్ భుజాల మీంచి జారిపోతుంది, ఇంకొకటి తల దూర్చాక కిందికి దిగనంటుంది.

గేజ్ అంటే 10 సెం.మీ.లో అడ్డంగా ఎన్ని కుట్లు, నిలువుగా ఎన్ని వరుసలు అన్న లెక్క. పాత బ్రిటిష్ ప్యాటర్న్ పుస్తకాల్లో టెన్షన్ అని ఉండేది కూడా దీన్నే. ఇంత చిన్న విషయం చుట్టూ అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: లేబుల్ మీద రాసిన సూది వాడితే గేజ్ దానంతటదే వస్తుంది.

లేబుల్ మీద ఉన్నది ఊలు మిల్లు ఇచ్చే సలహా మాత్రమే. డీకే (మధ్యరకం మందం) ఊలు ఉండ మీద 4 మి.మీ. సూదికి 22 కుట్లు, 28 వరుసలు అని ఉంటుంది. అదే ఊలును ఒకరు వేలికి రెండు చుట్లు తిప్పి బిగించి అల్లుతారు, ఇంకొకరు వదులుగా జారవిడుస్తారు. ఇద్దరికీ ఒకే అంకె ఎందుకు వస్తుంది? ఒకే మనిషికి కూడా స్టీలు సూది మీద ఒకలా, వెదురు సూది మీద ఒకలా రావచ్చు. అందుకే స్వాచ్ (గేజ్ చూసుకోవడానికి ముందుగా అల్లే చిన్న ముక్క) ఏ సూదితో అల్లారో స్వెటర్‌నీ దాంతోనే అల్లాలి. అదే సైజుదైనా వేరే రకం సూది అక్కరకు రాదు. ఇక మీరు చేరుకోవాల్సింది ప్యాటర్న్‌లో రాసిన గేజ్‌ని, లేబుల్ మీది గేజ్‌ని కాదు.

సూదుల నంబర్ల గొడవ ఒకటుంది. మన ఊలు దుకాణాల్లో ‘8 నంబరు సూది’ అంటే సాధారణంగా పాత బ్రిటిష్ లెక్క, అంటే 4 మి.మీ. ఆ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 10 నంబరంటే 3.25 మి.మీ. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ 8 అంటే 5 మి.మీ., 10 అంటే 6 మి.మీ. అమెరికా ప్యాటర్న్ దించుకుని, అందులో 8 అని చూసి, ఇక్కడి 8 నంబరు సూదితో మొదలుపెడితే గేజ్ కుదిరే మాటే లేదు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. సూది మీద అంకె చెరిగిపోతే, రంధ్రాలున్న కొలత పలకలో దూర్చి సరిచూసుకోవచ్చు.

అపోహ: 20 కుట్లు వేసి చిన్న ముక్క అల్లితే చాలు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. అల్లిక అలా తెలియదు. అంచు కుట్లు మిగతావాటిలా ఉండవు, కొన్ని వదులుగా సాగి కొన్ని బిగుసుకుని ఉంటాయి. కుట్లు ఎక్కించిన వరుస కిందివైపు లాగుతుంది, మూసిన వరుస పైవైపు లాగుతుంది. 10 సెం.మీ. ముక్కలో 10 సెం.మీ. కొలిస్తే ఈ వంకరలన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. ముక్క కనీసం 15 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు ఉండాలి. కొలత నడిమధ్యలో తీయాలి.

22 కుట్ల గేజ్‌కి 36 కుట్లు ఎక్కించండి. మొదట నాలుగు వరుసలు గార్టర్ (అన్ని వరుసలూ నిట్, అంటే మామూలు కుట్టు), ఆ తర్వాత రెండు పక్కలా మూడేసి కుట్లు గార్టర్‌గా ఉంచి మధ్యలో స్టాకినెట్ (ఒక వరుస నిట్, ఒక వరుస దానికి తిరగేసిన కుట్టైన పర్ల్) అల్లండి. గార్టర్ అంచు లేకపోతే స్టాకినెట్ ముక్క చుట్టలా చుట్టుకుపోయి కొలవనివ్వదు. ప్యాటర్న్ గేజ్‌ను కేబుల్‌లోనో (జడలా మెలితిప్పిన డిజైన్) లేస్‌లోనో (రంధ్రాల డిజైన్) చెప్పి ఉంటే స్వాచ్ కూడా ఆ డిజైన్‌లోనే అల్లాలి. కేబుళ్లు అల్లికను లోపలికి లాగేస్తాయి, స్టాకినెట్ అంకెతో వాటికి పని జరగదు.

కొలిచేటప్పుడు ముక్కను బల్ల మీద పరవండి. మంచం మీదో ఒళ్లోనో కాదు. దర్జీ టేపు పాతబడితే సాగుతుంది కాబట్టి గట్టి స్కేలు వాడండి. ఒక గుండుసూది గుచ్చి, సరిగ్గా 10 సెం.మీ. దూరంలో రెండోది గుచ్చండి. స్టాకినెట్ ముందువైపు ఒక్కో కుట్టు ఒక్కో ‘వి’ ఆకారంలో కనిపిస్తుంది. ఆ రెండు సూదుల మధ్య ఉన్న వి-లను లెక్కపెట్టండి. చివర్లో వి-కి ఒక కాలే లోపల పడితే అది అర కుట్టు, దాన్నీ కలపాలి. వరుసల కోసం అలాగే నిలువుగా లెక్కపెట్టండి. ముదురు రంగు ఊలైతే ముక్కను వెనక్కి తిప్పి పర్ల్ గుబ్బలు లెక్కించడం కంటికి తేలిక. ఇలా మూడు చోట్ల కొలిచి సగటు తీయండి. కావాల్సిన అంకె రావాలని స్కేలు కింద ముక్కను కొంచెం సాగదీసే వాళ్లూ ఉంటారు, ఆ మోసం స్వెటర్ తొడుక్కున్న రోజున బయటపడుతుంది.

అపోహ: అర కుట్టు తేడా పెద్ద లెక్కలోది కాదు.

22 బదులు 21.5 వస్తే 220 కుట్లు 102.3 సెం.మీ. అవుతాయి. పెద్దవాళ్ల వదులు స్వెటర్‌లో ఇది తెలియకపోవచ్చు. 21 వస్తే దాదాపు 105. ఒక్క కుట్టుకి 5 సెం.మీ. పోయిందన్నమాట. 5 సెం.మీ. మాత్రమే కొలిచి రెండింతలు చేసేవాళ్లకి ప్రమాదం ఇక్కడే. అక్కడ అర కుట్టు మరిచిపోతే 10 సెం.మీ.కి ఒక కుట్టు తప్పినట్టే.

అపోహ: అల్లిన వెంటనే కొలిచేయొచ్చు, ఉతకడం చాదస్తం.

స్వెటర్‌ని ఉతక్కుండా వాడరు కదా! కొలవాల్సింది ఉతికి ఆరిన బట్టని. మామూలు ఉన్ని నీళ్లు తగిలాక విచ్చుకుని సర్దుకుంటుంది. మెషీన్లో వేసినా కుంచించుకోకుండా శుద్ధి చేసిన సూపర్‌వాష్ ఉన్ని తడిసినప్పుడు బాగా సాగుతుంది, కొన్ని రకాలు ఆరాక కూడా పూర్తిగా వెనక్కి రావు. నూలు ఉతుకులో కొంత కుదించుకుంటుంది, తర్వాత తన బరువుకి తానే కిందికి వేలాడుతుంది. అందుకే నూలు స్వాచ్‌ను ఆరాక క్లిప్పులతో ఒక రోజు వేలాడదీసి వరుసల్ని మళ్లీ కొలవడం మంచిది. అక్రిలిక్ నీళ్లకి పెద్దగా మారదు. దాన్ని ఇస్త్రీ పెట్టెతో మాత్రం ముట్టుకోవద్దు. వేడికి అల్లిక చచ్చిపోయి గుడ్డలా వేలాడుతుంది, మళ్లీ పూర్వరూపానికి రాదు.

ఉతికే పద్ధతి: గోరువెచ్చని నీళ్లలో 15-20 నిమిషాలు నాననివ్వండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, పరిచి ఆరబెట్టండి. కాస్త తడి ఉన్నా కొలత తప్పే, వానాకాలంలో రెండు రోజులు పట్టినా ఆగాల్సిందే. లేస్ తప్ప మిగతా స్వాచ్‌లను పిన్నులు గుచ్చి లాగి ఆరబెట్టకండి. స్వెటర్‌ని రోజూ అలా గుచ్చి ఆరబెట్టరు.

అపోహ: గేజ్ రాకపోతే చేయి కాస్త బిగిస్తే సరిపోతుంది.

బిగించిన చేయి పది వరుసల తర్వాత, టీవీలో సీరియల్ మొదలవగానే మామూలు స్థితికి వచ్చేస్తుంది. స్వెటర్ కింద బిగువు, పైన వదులు. చేతిని దాని మానాన వదిలేసి సూది మార్చండి. 10 సెం.మీ.లో కావాల్సిన దానికన్నా కుట్లు తక్కువ పడితే ఒక్కో కుట్టు పెద్దదిగా ఉందని అర్థం, సన్నని సూదికి మారాలి. ఎక్కువ పడితే లావు సూదికి. చాలామంది దీన్నే తారుమారు చేస్తారు. సూది మార్చిన ప్రతిసారీ కొత్త స్వాచ్ అల్లాలి. బిగువుగా అల్లడం తప్పూ కాదు, వదులుగా అల్లడం గొప్పా కాదు.

సూది మార్చి అంకె కుదుర్చుకున్నాక కూడా ముక్క అట్టలా గట్టిగానో వలలా పలచగానో ఉంటే ఆ ఊలు ఆ ప్యాటర్న్‌కి తగదు. ఊలు మార్చండి.

అపోహ: వరుసల గేజ్ పట్టించుకోనక్కర్లేదు, పొడవు టేపుతో చూసుకోవచ్చు.

తిన్నగా పోయే ఒంటి భాగం వరకు నిజమే. కుట్లు పెంచుతూ తగ్గిస్తూ పోయేచోట పొడవు వరుసల మీదే ఆధారపడుతుంది. మెడ నుంచి కిందికి అల్లే రాగ్లాన్‌లో (మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్లు పెంచుతూ పోయే స్వెటర్‌లో) రెండు వరుసలకొకసారి చొప్పున 30 సార్లు పెంచితే 60 వరుసలు. ప్యాటర్న్ గేజ్ 28 వరుసలైతే ఆ భాగం 21.4 సెం.మీ. లోతు. మీకు 32 పడితే 18.75 దగ్గరే చంక వచ్చేస్తుంది. చేయి ఎత్తితే స్వెటర్ మొత్తం పైకి లేస్తుంది.

కుట్లూ వరుసలూ రెండూ ఒకేసారి కుదరడం అరుదు. కుట్ల గేజ్ కుదుర్చుకుని, వరుసల్ని లెక్క మార్చుకోవడమే మార్గం. చేయి భాగం తీసుకోండి: 30 వరుసల గేజ్‌కి ప్రతి 6 వరుసలకు ఒకసారి, మొత్తం 12 సార్లు తగ్గించమన్నారు. అంటే 72 వరుసలు, 24 సెం.మీ. మీ గేజ్ 27 వరుసలైతే ఆ 72 వరుసలు 26.7 సెం.మీ. అయి మణికట్టు దాటిపోతాయి. మీకు 24 సెం.మీ.కి కావాల్సినవి 65 వరుసలు. వాటిని 64 చేసి, 6 వరుసలకొకసారి 8 సార్లు, 4 వరుసలకొకసారి 4 సార్లు తగ్గించండి. 48, 16 కలిపి 64. 6, 4 రెండూ సరి సంఖ్యలే కాబట్టి తగ్గింపులన్నీ ముందువైపే పడతాయి.

అపోహ: అటూ ఇటూ తిప్పి అల్లినా, గుండ్రంగా అల్లినా గేజ్ ఒకటే.

గుండ్రంగా అల్లే స్టాకినెట్‌లో పర్ల్ వరుసే ఉండదు. చాలామంది చేతిలో పర్ల్ నిట్ కన్నా కొంచెం వదులు, కాబట్టి తిప్పి అల్లిన స్వాచ్ వేరే అంకె చెబుతుంది. టోపీ, సాక్స్, అతుకు లేని స్వెటర్‌కి స్వాచ్ ఇలా చేయండి: సర్క్యులర్ సూది (రెండు మొనల్ని తీగ కలిపే సూది) మీద ఒక నిట్ వరుస అల్లి, ముక్కను తిప్పకుండా కుట్లను సూది రెండో చివరకు జరపండి. దారాన్ని వెనక వదులుగా వదిలి మళ్లీ నిట్ అల్లండి. వెనక వేలాడే దారాలు బిగుతైతే ముక్క ముడుచుకుంటుంది, వాటిని ధారాళంగా వదలాలి. రెండు రంగుల డిజైన్‌లో అల్లిక ఇంకా బిగుస్తుంది కాబట్టి దానికి విడిగా స్వాచ్ తప్పదు.

అపోహ: స్వాచ్ ఊలు దండగ.

విప్పితే ఆ ఊలు మళ్లీ పనికొస్తుంది. విప్పే ముందు వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. 15 సెం.మీ. చదరపు ముక్క 12 గ్రాములుందనుకోండి. 225 చదరపు సెం.మీ.కి 12 గ్రాములు. స్వెటర్ విస్తీర్ణం ఒళ్లు 100 × 60, చేతులు ఒక్కోటి సగటున 35 × 45 చొప్పున, మొత్తం 9,150. దానికి 488 గ్రాములు. రిబ్‌కీ (అంచుల్లో సాగే పట్టీ) మెడకీ పదోవంతు కలిపి 550 గ్రాములు కొనండి, అన్నీ ఒకే డై లాట్‌వి (ఒకేసారి రంగు వేసినవి). సగంలో ఊలు అయిపోయి రంగు కలవక వెతుక్కోవడం కన్నా ఒక సాయంత్రం స్వాచ్‌కి ఇవ్వడం చవక.

అపోహ: స్కార్ఫ్‌కీ దుప్పటికీ కూడా గేజ్ తప్పనిసరి.

కాదు. ఊలు సరిపోతుందా అన్నదొక్కటే చూసుకోండి.

అపోహ: స్వాచ్ కుదిరిందంటే ఇక కొలవక్కర్లేదు.

36 కుట్ల ముక్క మీద ఉన్న చేయి 220 కుట్ల మీద అలాగే ఉండదు. అలవాటు పడేకొద్దీ సాధారణంగా వదులవుతుంది. ఒళ్లు 10 సెం.మీ. అల్లాక కుట్లన్నిటినీ పొడవాటి దారం మీదికి ఎక్కించి, పరిచి మధ్యలో కొలవండి. ఇది ఉతకని అల్లిక కాబట్టి, స్వాచ్‌ను కూడా ఉతక్కముందు ఒకసారి కొలిచి రాసిపెట్టుకుని ఉండాలి, పోల్చాల్సింది ఆ అంకెతో. పావు కుట్టు తేడా అయితే సాగిపోండి. ఒక కుట్టు తేడా ఉంటే అక్కడే విప్పి సూది మార్చండి. చంక దాకా వెళ్లాక విప్పాల్సినది దీనికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది.