క్యాన్సర్ వైద్యంలో మన ఊరి డాక్టరు: అపోహలు – వాస్తవాలు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఎంబీబీఎస్ డాక్టర్లకు క్యాన్సర్ వైద్యంలో శిక్షణ ఇవ్వడం నా పనిలో ఒక భాగం. తరగతిలోనూ బయటా తరచూ వినే మాటలివి.

అపోహ: క్యాన్సర్ అంటే పెద్దాసుపత్రికి పంపేయడమే.

వాస్తవం: కీమో కోసం రోగి మా క్యాన్సర్ ఆసుపత్రిలో ఉండేది ఒకటి రెండు రోజులు. తక్కిన రోజులన్నీ ఇంట్లోనే. కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 101 డిగ్రీల జ్వరం ఒక్కసారి వచ్చినా ప్రాణాపాయంగానే చూడాలి. దగ్గు, చీము కనిపించకపోవచ్చు. చీము పట్టడానికి కావలసిన కణాలే లేవు కదా! పారాసెటమాల్ ఇచ్చి రేపు రమ్మనకూడదు. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ ఎక్కించాలి, ఆ తర్వాతే అంబులెన్సు. మా దగ్గర నేర్చుకున్న ఒక డాక్టరు ఓ రాత్రి ఫోను చేశారు: "మేడం, కీమో అయి పదో రోజు. జ్వరం, బీపీ 90. మొదటి డోసు ఇచ్చేశాను, పంపిస్తున్నాను." దారి మూడు గంటలు. ఆ రోగి బతికింది. ఆ ఇంజెక్షన్ మా దగ్గరికి వచ్చాక పడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

అపోహ: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

వాస్తవం: ఆ ముక్కను తీసి పరీక్షించడమే బయాప్సీ. అది లేకుండా చాలా క్యాన్సర్లకు వైద్యమే మొదలు కాదు. ఈ భయంతో పోగొట్టుకున్న నెలలే ప్రాణం తీస్తాయి.

అపోహ: మార్ఫిన్ చివరి ఘడియల మందు, మామూలు డాక్టరు రాయకూడదు.

వాస్తవం: మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక గుర్తింపు పొందిన కేంద్రాల్లో, శిక్షణ పొందిన డాక్టరు రాయవచ్చు. చివరి ఘడియల దాకా ఆగకుండా, తీవ్రమైన నొప్పి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మార్ఫిన్ మామూలు మాత్ర (నెమ్మదిగా విడుదలయ్యే రకం కాదు) నాలుగు గంటలకొకటి. కిడ్నీలు దెబ్బతిన్నవారికి జాగ్రత్తగా. మార్ఫిన్ మలబద్ధకం తెస్తుంది కాబట్టి, దానికి మందు రాయని మార్ఫిన్ చీటీ కనిపిస్తే నేను తిప్పి పంపిస్తాను.

అపోహ: తొలిదశలో పట్టుకోవడానికి ఖరీదైన యంత్రాలు కావాలి.

వాస్తవం: ముంబయి మురికివాడల్లో 1998లో మొదలైన అధ్యయనంలో నాలుగు వారాల శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఎసిటిక్ ఆమ్లం (వెనిగర్‌లో ఉండేది) అద్ది గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. నోటి క్యాన్సర్‌కైతే టార్చిలైటు చాలు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుంటారు. పుండు పడేది అంగిట్లో, అంటే నోటి పైకప్పులో. నాలుక, బుగ్గలు చూసి వదిలేస్తే దొరకదు. తల వెనక్కి వాల్చమని పైకి చూడాలి.