బ్రేక్ వేశాం కదా ఇంకేం భయం, అనుకుంటే ఎలా? వీల్‌చైర్ అపోహలు - వాస్తవాలు

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. కొత్తగా వీల్‌చైర్ కొనుక్కోబోయేవాళ్లు నన్ను ముందు అడిగేది ఏ మోడల్ మంచిది అని. పడిపోకుండా ఎలా వాడాలి అని అడిగేవాళ్లు అరుదు, ఎందుకంటే అందరి లెక్కలో అదో కుర్చీ, కూర్చోడానికి మళ్లీ నేర్చుకునేదేముంది అని. నాకైతే అది కుర్చీ కంటే తక్కెడ లాగా కనిపిస్తుంది. బరువు ఎటు జరిగితే అటు ఒరుగుతుంది, నేను చూసిన పడిపోవడాల్లో ఎక్కువ శాతం దీని దగ్గరే మొదలయ్యాయి.

అపోహ: బ్రేక్ వేస్తే కుర్చీ ఇక కదలదు.

వాస్తవం: బ్రేక్ లివర్లు ఆగి ఉన్న చక్రాన్ని పట్టుకోడానికి మాత్రమే, అదీ టైరు మీద గట్టిగా ఒత్తుకుంటేనే. గాలి టైర్లు అయితే గాలి తగ్గేకొద్దీ ఆ పట్టు పోతుంది. బ్రేక్ లూజైంది మేడమ్ అని వస్తారు, నేను ముందు బొటనవేలితో టైరు నొక్కి చూస్తా, చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. వారానికోసారి రెండు టైర్లూ చూసుకోండి, ఒకదాంట్లో గాలి తక్కువుంటే కుర్చీ అటే లాగుతూ ఉంటుంది, చెయ్యి నొప్పి మీకు.

పోతున్న కుర్చీని ఆపడానికి మాత్రం ఆ లివర్ ముట్టుకోవద్దు. ఒక పక్క ముందు పట్టేసిందా, కుర్చీ గిర్రున తిరిగి మనిషి ముందుకి పడతాడు. స్పీడ్ తగ్గాలంటే రెండు రిమ్ములూ (చక్రాల పక్కన చేత్తో తోసే కడ్డీ రింగులు) అరచేతుల్లో సమానంగా జారనివ్వాలి. దిగుడు పొడుగ్గా ఉంటే చేతులు కాలతాయి, గ్లవ్స్ వేసుకోండి.

ఇంకోటి, ఇది అస్సలు మర్చిపోవద్దు. ఒక పెద్దాయన లేచి నిలబడబోతున్నారు, నేను కుర్చీ వెనక హ్యాండిల్స్ పట్టుకుని ఉన్నా. "బ్రేక్ వేశారా బాబాయ్" అంటే "ఎప్పుడో వేశానమ్మా" అన్నారు. వేశారు నిజమే, కానీ పాదాలు ఇంకా ఫుట్‌రెస్ట్ మీదే ఉన్నాయి. బరువంతా దాని మీద మోపగానే వెనక చక్రాలు రెండూ నేల వదిలేశాయి. నేను పట్టుకుని ఉన్నా కాబట్టి సరిపోయింది. బరువు ముందు చిన్న చక్రాలు దాటి ముందుకి పడితే బ్రేక్ ఏం చేస్తుంది పాపం! అందుకే వరసగా అలవాటు చేసుకోండి, బ్రేక్ వెయ్యడం, పాదాలు నేల మీద పెట్టడం, ఫుట్‌రెస్ట్‌లు పైకి మడిచెయ్యడం లేదా పక్కకి తిప్పెయ్యడం, సీటు అంచు దాకా జరగడం, ఆ తర్వాతే లేవడం.

కింద పడ్డ ఫోనో తాళమో అందుకోవాలన్నా ఇదే సమస్య. ముందుకి తోసుకుంటూ వచ్చి ఆగితే చిన్న చక్రాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఒక్క అడుగు వెనక్కి పోనివ్వండి, అవి ముందుకి తిరుగుతాయి, కుర్చీకి ముందువైపు ఆసరా పెరుగుతుంది. వంగడం అప్పుడు. మోకాళ్ల మధ్యలోంచి మాత్రం వంగొద్దు, వస్తువు మీ పక్కకి వచ్చేలా ఆపుకుంటే ఇంకా మంచిది.

అపోహ: బ్యాగ్ ఎంత బరువున్నా వెనక తగిలించుకోవచ్చు.

నేనూ అలాగే అనుకున్నా 😅 చదువుకునే రోజుల్లో ప్రాక్టీస్ కోసం కుర్చీలో కూర్చుని, పుస్తకాల బ్యాగ్ వెనక తగిలించి, చిన్న ర్యాంప్ ఎక్కుతూ చక్రాన్ని గట్టిగా ఒక్క తోపు తోశా. అంతే, వెల్లకిలా పడ్డా. ఎక్కేటప్పుడు అసలే బరువు వెనక్కి పోతుంది, దానికి బ్యాగ్ తోడైంది. బరువు సీటు కిందో ఒళ్లోనో పెట్టుకోండి, ఎక్కేటప్పుడు కాస్త ముందుకి వంగండి. కుర్చీ వెనక్కి పడకుండా ఆపే చిన్న యాంటీ-టిప్ చక్రాలు వెనక ఉంటే గడపకి తగులుతున్నాయని పీకి మూల పడేస్తారు, గడప దాటాక మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. వెనక్కి పోతున్నాం అని తెలిసిన క్షణంలో గడ్డం ఛాతీకి ఆనించెయ్యండి, తలకి దెబ్బ తగలకుండా.

ర్యాంప్‌కి మామూలుగా వాడే లెక్క 1:12, అంటే 6 అంగుళాల మెట్టుకి 6 అడుగుల పొడవు. ఇంతకంటే నిటారుగా ఉంటే సాయం లేకుండా వెళ్లొద్దు, దింపేటప్పుడు తోసేవాళ్లు కుర్చీని వెనక్కి తిప్పి తామూ వెనక్కి చూసుకుంటూ దిగాలి.

అపోహ: సీటు కాస్త వెడల్పుగా ఉంటే సుఖం.

సుఖం రెండ్రోజులే. తుంటి వెడల్పుకి మొత్తం మీద ఒక అంగుళం ఎక్కువుంటే చాలు. వెడల్పైతే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు, చక్రం అందక చేతులు రెక్కల్లా చాపి తోస్తాడు, భుజాలు అరిగేది అక్కడే. గబగబా చిన్న చిన్న తోపులు కాదు, పొడుగ్గా ఒక్కటి తోసి చెయ్యి కిందకి వదిలెయ్యండి.

అపోహ: మెత్తటి కుషన్ ఉంటే పుండ్లు రావు.

కుషన్ కావాల్సిందే, కానీ దాని మీదే గంటలు కూర్చుంటే వస్తాయి. స్పర్శ లేనివాళ్లకి నొప్పి తెలీదు కాబట్టి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో బాగా వంగి, రెండు నిమిషాలు అలా ఉండాలి. చేతుల మీద లేచి ఐదు సెకన్లలో కూర్చుంటే రక్తం తిరిగి చేరేంత టైమ్ ఉండదు, పైగా భుజాలకి భారం. మధ్యలో బొక్క ఉండే ట్యూబ్ లాంటి కుషన్ అసలు వద్దు, దాని అంచు చుట్టూ ఒత్తిడి పడుతుంది. రాత్రిపూట అద్దంతో చూసుకోండి, ఎర్రమచ్చ తగ్గకుండా ఉండిపోతే అది పోయేదాకా ఆ చోట బరువు పడకూడదు, డాక్టర్‌కి చూపించండి.

ఇక సాయం చేసేవాళ్లకి. మనిషితో సహా కుర్చీ ఎత్తేటప్పుడు ఆర్మ్‌రెస్ట్ పట్టుకోకండి, చాలా మోడల్స్‌లో అది ఊడి చేతికొస్తుంది, ఊడని ఫ్రేమ్ పట్టుకోవాలి. కూర్చున్నవాళ్లకి చెప్పకుండా వెనక నుంచి తొయ్యకండి, వాళ్ల వేళ్లు ఆ టైమ్‌లో చువ్వల మధ్య ఉండొచ్చు.