1980లో లేని తేడా: అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మరణాల వెనక కథ

అమెరికాలో నల్లజాతి మహిళలకు రొమ్ము క్యాన్సర్ తెల్లజాతి మహిళలకన్నా 5 శాతం తక్కువగానే వస్తుంది. చనిపోయేవాళ్లు మాత్రం 38 శాతం ఎక్కువ. ఇది అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2024లో చెప్పిన లెక్క. ఆరోగ్య అసమానతల మీద జరుగుతున్న పరిశోధనలకు 2025లో అక్కడి ప్రభుత్వం నిధులు కోసేయడంతో పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఈ తేడా వాళ్ల ఒంట్లో ఉందా, వాళ్లకు అందే వైద్యంలో ఉందా?

జవాబు కోసం 1980ల తొలినాళ్లకు వెళ్లాలి. అప్పట్లో ఈ జబ్బుతో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ దాదాపు సమానంగా చనిపోయేవారు. ఆ తర్వాత రొమ్మును ఎక్స్‌రే తీసి క్యాన్సర్‌ను ముందే పట్టే మామోగ్రామ్ పరీక్షలు ఊరూరా వచ్చాయి. హార్మోన్ల మీద ఆధారపడి పెరిగే క్యాన్సర్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర వాడకంలోకి వచ్చింది. 1990 నుంచి తెల్లజాతి మహిళల్లో మరణాలు గబగబా తగ్గాయి, నల్లజాతి మహిళల్లో ఆ వేగం లేదు. పదేళ్లలో ఎవరి జన్యువులూ మారిపోవు కదా. ప్రాణం నిలిపే వైద్యం చేతికొచ్చాక, అది అందినవాళ్లకూ అందనివాళ్లకూ మధ్య ఈ దూరం పెరిగింది.

షికాగోలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1980లో ఆ నగరంలో రెండు జాతుల మరణాల రేటూ ఒక్కటే. 2003 నాటికి నల్లజాతి మహిళల రేటు 68 శాతం ఎక్కువైంది. అదే సమయంలో న్యూయార్క్‌లో తేడా అంతకంటే చాలా తక్కువ. ఒంట్లో ఉన్న కారణమే అయితే ఊరు మారగానే అంత తగ్గుతుందా? పరీక్షలు తక్కువ జరగడం, జరిగినవాటిలో నాణ్యత లేకపోవడం, చికిత్స సరిగా అందకపోవడం కారణాలు కావచ్చని షికాగో పరిశోధకులు 2007లో చెప్పారు.

వైద్యం అందితే ప్రాణాలు నిలుస్తాయని అంతకుముందే న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్‌లో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ చేసి చూపించారు. 1964–86 మధ్య హార్లెమ్ ఆసుపత్రికి వచ్చిన 606 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో సగం మందికి ఇన్సూరెన్స్ లేదు, దాదాపు సగం మంది జబ్బు ముదిరాకే వచ్చారు. ఐదేళ్లు బతికినవాళ్లు 39 శాతం. ఉచిత పరీక్షలు పెట్టినా సరిపోలేదు, ఎందుకంటే మామోగ్రామ్‌లో అనుమానం కనబడ్డ మనిషి బయాప్సీ (గడ్డలో ముక్క తీసి క్యాన్సరో కాదో తేల్చే పరీక్ష) దాకా చేరేలోపే దారి తప్పేది. ఇన్సూరెన్స్ కాగితాలు, అపాయింట్‌మెంట్, పిల్లల్ని చూసుకునే దిక్కు, డాక్టర్ చెప్పింది అర్థం కాక భయం. అందుకే 1990లో ఆయన నావిగేటర్లను పెట్టారు. రోగి చేయి పట్టుకుని పరీక్ష నుంచి చికిత్స దాకా నడిపించడమే వాళ్ల పని. 1995–2000 మధ్య అదే ఆసుపత్రిలో ఐదేళ్లు బతికినవాళ్లు 70 శాతానికి చేరారు. జనం అదే జనం.

ఆ 1990లోనే పేద మహిళలకు ఉచిత పరీక్షల చట్టం వచ్చింది. ఆ పరీక్షలో క్యాన్సర్ బయటపడ్డవాళ్లకు పేదల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికెయిడ్ ద్వారా చికిత్స ఖర్చు ఇప్పించే చట్టానికి మాత్రం 2000 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక జన్యువుల వాదన. ట్రిపుల్ నెగటివ్ అనే మొండి రకం నల్లజాతి మహిళల్లో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది, ఇది నిజం. దానికి టామోక్సిఫెన్ పనిచేయదు. అయితే 2024లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో ఆ రకంలో మరణాల తేడా 17 శాతమే. హార్మోన్ మాత్రలకు లొంగే మామూలు రకంలో 50 శాతం. మంచి మందు ఉన్నచోటే తేడా ఎక్కువగా ఉంది. ఆ మాత్ర ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి, కొనాలి, దుష్ఫలితాలు వస్తే అడగడానికి ఒక డాక్టర్ ఉండాలి.

మామోగ్రామ్‌లు 50 బదులు 40 ఏళ్ల నుంచే రెండేళ్లకోసారి చేయించాలని అమెరికా నిపుణుల బృందం 2024 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. మంచి నిర్ణయం. అదే ఏడాది జనవరి నుంచి నావిగేటర్ల పనికి మెడికేర్ అనే మరో ప్రభుత్వ బీమా డబ్బు చెల్లించడం మొదలైంది. కానీ మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్లది. 40ల్లో గడ్డ కనబడ్డ నల్లజాతి మహిళ వెంట బయాప్సీ దాకా ఎవరు నడుస్తారో, ఆ జీతం ఎవరిస్తారో ఇంకా తేలలేదు.