పగడాలకు ఆకుమడి

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

సముద్రం వేడెక్కి చనిపోయిన పగడపు దిబ్బను మళ్ళీ బతికించవచ్చునా అని అడిగారు. చనిపోయిన పగడాన్ని బతికించలేము గాని, ఆ చోట కొత్త పగడాన్ని నాటవచ్చును. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో ఆ పని ఏళ్ళ తరబడి జరుగుతోంది.

పగడం రాయి కాదు, చిన్న జీవులు గుంపుగా కట్టుకున్న సున్నపు గూడు. వాటి ఒంట్లో ఉండే సన్నని నాచే వాటికి ఆహారమూ రంగూ ఇస్తుంది. నీరు మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లబడుతుంది; నీరు త్వరగా చల్లబడకపోతే ఆకలితో చనిపోతుంది.

ఫ్లోరిడాలో దీనికి తెగులు కూడా తోడైంది. 2014లో మయామీ దగ్గర బయటపడిన ఆ తెగులు 20కి పైగా జాతులకు సోకి, కండను తినేస్తూ తీరమంతా పాకింది. నీటి అడుగుకు దిగినవారు పుండు అంచు వెంట అమాక్సిసిలిన్ అనే సూక్ష్మజీవులను చంపే మందు కలిపిన ముద్దను చేత్తో అద్దుకుంటూ వెళతారు. ఒక్కొక్క పగడానికీ అలా మందు పెట్టే మనుషులున్నారంటే నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

ఇక నాటడమంటారా, అది అచ్చంగా మన ఆకుమడి పనే. సముద్రంలో ప్లాస్టిక్ గొట్టాల చట్రాలకు పగడపు ముక్కలను వేలాడదీసి, అవి ఎదిగాక తీసుకువెళ్ళి దిబ్బ మీద అంటిస్తారు. నిదానంగా పెరిగే జాతులనైతే రంపంతో గోరంత ముక్కలుగా కోసి పక్కపక్కన అంటిస్తే, అవి ఎన్నో రెట్లు వేగంగా పెరిగి, పిలకలు కలిసి దుబ్బు కట్టినట్లు, ఒకే పగడమవుతాయి.

నా చిన్నతనంలో ఒక ఏడు వరద నీరు నిలిచి మా నారంతా కుళ్ళిపోయింది. నేను గట్టు మీద ఏడుస్తుంటే మా నాన్నగారు ఒక్క మాటా అనకుండా ఇంటికి వచ్చి, పురిలో మిగిల్చిన విత్తనాన్ని నానబోశారు. అది చాలక, ముంపుకు ఓర్చే రకమని పేరున్న వడ్లను పొరుగూరి నుంచి అడిగి తెచ్చారు. ఆలస్యంగానైనా ఊడ్పులు పూర్తయ్యాయి. ఉన్న విత్తనమంతా ఒకేసారి చల్లేయకూడదని ఆ ఏడు నేర్చుకున్నాను, మీరూ గుర్తుంచుకోండి.

2023 వేసవిలో ఫ్లోరిడాకు అలాంటి ఏడే వచ్చింది. అక్కడి మనటీ బే అనే చిన్న అఖాతంలో నీరు 38 డిగ్రీలు దాటింది. కొమ్మలు కొమ్మలుగా పెరిగే రెండు ముఖ్యమైన జాతులు ఫ్లోరిడా కొసనున్న కీస్ దీవుల చుట్టూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, నాటినవాటితో సహా. కాని చేతికందిన పగడాలను తీసి ఒడ్డున తొట్లలో దాచినవారున్నారు. అదే పురిలోని విత్తనం. పొరుగూరి విత్తనమూ వచ్చింది. హోండురాస్ దేశపు తెలా బేలో వేడి నీటికి అలవాటుపడిన పగడాలను ఫ్లోరిడా పగడాలతో కలిపి పుట్టించిన పిల్లలను 2025లో మయామీ దగ్గర నాటారు.

బొగ్గు, పెట్రోలు మండించడం తగ్గితేనే ఈ నాట్లు నిలుస్తాయి. అది మా పెద్దల పని. మమ్మల్ని అడుగుతూనే ఉండండి.

ఇప్పుడు అట్లాసు తీసి, ఫ్లోరిడా కొసనూ తెలా బేనూ వెతికి పట్టుకుని, ఆ రెండింటి మధ్య ఎంత సముద్రముందో స్కేలుతో కొలిచి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య