బ్రౌన్స్ డ్రాఫ్ట్ లెక్కలు: 2017 డిసెంబరు 7న ఏం జరిగింది?

2026 జనవరి 4న సిన్సినాటిలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆటగాడు మైల్స్ గ్యారెట్ 2025 సీజన్‌లో తన 23వ శాక్ సాధించాడు. శాక్ అంటే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి దాడిని నడిపే ఆటగాణ్ని, బంతి విసరకముందే పడగొట్టడం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఒక సీజన్‌కు ఇదే అత్యధికం. మైకేల్ స్ట్రేహన్, టి.జె. వాట్‌ల పేరిట ఉన్న 22.5 రికార్డు చెరిగిపోయింది. మర్నాడే బ్రౌన్స్ యాజమాన్యం హెడ్ కోచ్ కెవిన్ స్టెఫాన్‌స్కీని తీసేసింది. 2024, 2025 సీజన్లలో కలిపి జట్టు గెలిచినవి 8, ఓడినవి 26.

జనరల్ మేనేజర్ ఆండ్రూ బెర్రీ మాత్రం పదవిలోనే ఉన్నాడు. పదేళ్లపాటు జట్టు వ్యూహాల బాధ్యత చూసిన పాల్ డిపొడెస్టా నవంబరులోనే బేస్‌బాల్‌కు తిరిగి వెళ్లి కొలరాడో రాకీస్‌లో చేరాడు. దాంతో క్లీవ్‌లాండ్‌లో పాత గొడవ మళ్లీ మొదలైంది. కొలతలు, అంకెలు నమ్ముకుని ఆటగాళ్లను ఎంచుకున్నందుకే జట్టు ఈ స్థితికి వచ్చిందని ఒక వర్గం అంటోంది. ఆ అంకెలు చెప్పింది చివరిదాకా ఎన్నడూ చేయనివ్వలేదని రెండో వర్గం వాదన. గ్యారెట్ రికార్డు, స్టెఫాన్‌స్కీ తొలగింపు ఒక్క రోజు తేడాతో జరగడం వల్ల ఇద్దరికీ ఆధారం దొరికింది.

1996లో జట్టు బాల్టిమోర్‌కు తరలిపోవడం, 1999లో కొత్తగా మళ్లీ పుట్టడం, ఆ తర్వాత వచ్చిపోయిన క్వార్టర్‌బ్యాక్‌ల వరస అభిమానులకు కంఠతా వచ్చు. నేటి గొడవ అర్థం కావడానికి 2016 నుంచి చూస్తే చాలు. ఈ ఆటకు కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. జట్లు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ డబ్బుతో పోటీ లేదు, వంతులు ఉంటాయి. కిందటి సీజన్‌లో అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టుకు మొదటి వంతు. ఆ వంతునే పిక్ అంటారు. జట్లన్నిటి వంతులు ఒకసారి తిరిగితే ఒక రౌండ్. దాన్ని వాడుకోవచ్చు, ఇంకో జట్టుకు ఇచ్చి బదులుగా వేరే పిక్స్ తీసుకోవచ్చు.

2016 ఆరంభంలో యజమాని జిమ్మీ హాస్లమ్ జట్టు పగ్గాలను హార్వర్డ్‌లో చదివిన న్యాయవాది సాషీ బ్రౌన్‌కు అప్పగించాడు. ఓక్లండ్ బేస్‌బాల్ జట్టులో గణాంకాలతో ఆటగాళ్లను ఎంచి పేరు తెచ్చుకున్న డిపొడెస్టాను తీసుకొచ్చాడు. ఇప్పటి జనరల్ మేనేజర్ బెర్రీ అప్పుడు వీళ్ల కిందే ఆటగాళ్ల ఎంపిక విభాగంలో పనిచేశాడు.

వాళ్ల ఆలోచనకు పునాది ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ చేసిన పరిశోధన. డ్రాఫ్ట్‌లో ముందు పిక్స్ కోసం జట్లు విలువకు మించి చెల్లిస్తున్నాయని వాళ్లు లెక్కగట్టారు. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, వాడి తర్వాత ఎంపికైనవాడికన్నా మెరుగ్గా ఆడే అవకాశం సుమారు 52 శాతమేనని తేల్చారు. అంటే దాదాపు నాణెం ఎగరేసినట్టే. అలాంటప్పుడు ఒక్కడి మీదే అంతా పెట్టకుండా ఎక్కువ పిక్స్ చేతిలో ఉంచుకోవడం మేలు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది బ్రౌన్స్ 16కు 16 మ్యాచ్‌లూ ఓడింది.

2016లో రెండో పిక్‌ను బ్రౌన్స్ ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. వాళ్లు దాంతో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ను తీసుకున్నారు. వెంట్జ్ లీగ్‌లో మొదటి 20 మంది క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు అవుతాడని తమకు అనిపించలేదని డిపొడెస్టా బహిరంగంగానే చెప్పాడు. బదులుగా వచ్చిన ఎనిమిదో పిక్‌ను కూడా టెనెసీకి ఇచ్చి మరికొన్ని సంపాదించారు. ఆ ఏడాది బ్రౌన్స్ మొత్తం 14 మందిని ఎంపిక చేసింది.

ఎక్కువ పిక్స్ ఉంటే చాలదు, వాటితో ఎవరిని తీసుకోవాలో తెలియాలి. అథ్లెటిక్ కొలతలు ఇక్కడే పనికొస్తాయి. డ్రాఫ్ట్‌కు ముందు ఏటా ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల శిబిరంలో కుర్రాళ్ల 40 గజాల పరుగు, నిలబడి పైకి ఎగిరే ఎత్తు, ముందుకు దూకే దూరం, కోన్ల చుట్టూ మలుపులు తిరిగే వేగం, 225 పౌండ్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరన్నది కొలుస్తారు. విడిగా చూస్తే ఆ అంకెలతో పెద్దగా ఉపయోగం లేదు. 110 కిలోలవాడు 4.6 సెకన్లలో పరుగెత్తడం వేరు, 85 కిలోలవాడు పరుగెత్తడం వేరు. అందుకే బరువు, ఎత్తు, ఆడే స్థానం కలిపి చూడాలి. అభిమానులు ఇప్పుడు తరచూ వాడే రిలేటివ్ అథ్లెటిక్ స్కోర్ కూడా ఇదే పద్ధతిలో, 1987 నుంచి అదే స్థానంలో ఆడినవాళ్లతో పోల్చి సున్నా నుంచి పది మధ్య మార్కు ఇస్తుంది. జట్లు తమ సొంత లెక్కలు బయటపెట్టవు గానీ, పోల్చే సూత్రం మాత్రం దాదాపు ఇదే.

2017 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ బ్రౌన్స్‌దే. టెక్సస్ ఏ అండ్ ఎం కుర్రాడు గ్యారెట్ 272 పౌండ్ల బరువుతో 40 గజాలను 4.64 సెకన్లలో దాటాడు. 41 అంగుళాలు ఎగిరాడు. 225 పౌండ్లు 33 సార్లు ఎత్తాడు. అయినా ఊళ్లో చాలామంది ఒహాయో కుర్రాడైన క్వార్టర్‌బ్యాక్ మిచ్ ట్రుబిస్కీని తీసుకోవాలన్నారు. జట్టు లోపల కూడా ఆ చర్చ జరిగిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. బ్రౌన్స్ గ్యారెట్‌నే తీసుకుంది. అదే రాత్రి 29వ పిక్‌తో తీసుకున్న డేవిడ్ ఎన్‌జోకుకు అప్పటికి 20 ఏళ్లు. హైస్కూల్‌లో హైజంప్ జాతీయ విజేత. ఎన్‌జోకు మేటి ఆటగాళ్లకు దక్కే ప్రో బౌల్‌కు ఎంపికైంది 2023లో. శరీరాన్ని, వయసును చూసి ఎంచినవాడు పూర్తి ఆటగాడు కావడానికి అన్నేళ్లు పట్టింది.

కొలతలు దెబ్బతీసిన సందర్భమూ ఉంది. 2016 తొలి రౌండ్‌లో తీసుకున్న రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) కోరీ కోల్‌మన్ వేగం, ఎగిరే శక్తి ఉన్నవాడు. వరసగా రెండు సీజన్లలో చెయ్యి విరిగింది. ఉన్నప్పుడూ ఆట కుదరలేదు. చివరికి ఏడో రౌండ్ పిక్‌కు బఫెలోకు ఇచ్చేశారు. పరుగులో అంతగా మెరవని మరో రిసీవర్ మైకేల్ థామస్ అదే డ్రాఫ్ట్‌లో 47వ పిక్ దాకా మిగిలాడు. తర్వాత 2019లో న్యూ ఓర్లీన్స్ తరఫున 149 క్యాచ్‌లతో లీగ్ రికార్డు నెలకొల్పాడు. క్వార్టర్‌బ్యాక్‌ల విషయం ఇంకా ఘోరం. కొలతలకు నిండుగా సరిపోయే డిషోన్ కైజర్ 2017లో ఆరంభం నుంచి ఆడిన 15 మ్యాచ్‌లూ ఓడి, 22 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే విసిరిన బంతిని 22 సార్లు ప్రత్యర్థి చేతికి చిక్కనిచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ రెండు సెకన్లలో తీసుకునే నిర్ణయాన్ని కంబైన్‌లో ఏ టేపూ కొలవదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. 2016లో మూడో రౌండ్‌లో క్వార్టర్‌బ్యాక్ కోడీ కెస్లర్‌ను తీసుకున్నప్పుడు తనను నమ్మమని చెప్పింది గణాంకాల వర్గం కాదు, కోచ్ హ్యూ జాక్సన్. కెస్లర్ ఆ ఏడాది ఆరంభం నుంచి ఆడిన 8 మ్యాచ్‌లూ ఓడాడు.

ఇక 2017 డిసెంబరు 7. అప్పటికి జట్టు ఆ సీజన్‌లో 12 ఆడి 12 ఓడింది. ఆ అక్టోబరు 31న క్వార్టర్‌బ్యాక్ ఎ.జె. మెకారన్ కోసం సిన్సినాటితో కుదిరిన ట్రేడ్ (మార్పిడి ఒప్పందం), గడువులోగా కాగితాలు అందక రద్దయింది. కోచ్‌కు, ఆఫీసుకు మధ్య మాటలు చెడ్డాయి. హాస్లమ్ సాషీ బ్రౌన్‌ను తీసేసి, అదే రోజు జాన్ డోర్సీని నియమించాడు. కాన్సస్ సిటీలో క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్‌ను ఎంచినవాడు, కంటితో ఆట చూసి ఎంచే పాతకాలపు స్కౌట్. రాగానే డోర్సీ, ముందున్నవాళ్లు నిజమైన ఆటగాళ్లను తేలేదన్నాడు. రెండు సీజన్లలో ఒకటి గెలిచి 31 ఓడిన కోచ్ మాత్రం ఉండిపోయాడు. అసలు మలుపు ఇదేనని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే సాషీ బ్రౌన్ వదిలి వెళ్లినవాటిని చూడండి. 2018 డ్రాఫ్ట్ మొదటి 64 పిక్స్‌లో ఐదు బ్రౌన్స్‌వే. ఆటగాళ్ల జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో 10 కోట్ల డాలర్లకు పైగా ఖాళీ ఉంది. వెంట్జ్ ట్రేడ్‌లో వచ్చిన పిక్ 2017లో 12వదైంది. దాన్ని హ్యూస్టన్‌కు ఇస్తే వాళ్ల 2018 తొలి రౌండ్ పిక్ వచ్చింది. అది నాలుగోదైంది. దాంతో 40 గజాలను 4.32 సెకన్లలో దాటిన కార్నర్‌బ్యాక్ (ప్రత్యర్థి రిసీవర్లను అడ్డుకునేవాడు) డెంజెల్ వార్డ్ వచ్చాడు. ఇంకో పిక్‌ది వింత కథ. హ్యూస్టన్ వదిలించుకోవాలనుకున్న బ్రాక్ ఆస్వైలర్ 1.6 కోట్ల డాలర్ల జీతాన్ని బ్రౌన్స్ తన నెత్తిన వేసుకుని, బదులుగా రెండో రౌండ్ పిక్ తీసుకుంది. ఖాళీ డబ్బుతో పిక్ కొన్నట్టన్నమాట. ఆ 35వ పిక్‌తో వచ్చినవాడు బంతి పట్టుకుని పరుగెత్తే నిక్ చబ్. మొదటి పిక్‌తో డోర్సీ క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్‌ను తీసుకున్నాడు.

గ్యారెట్, వార్డ్, చబ్, మేఫీల్డ్‌లు ఉన్న జట్టే 2020 సీజన్‌లో 11 గెలిచి, 2021 జనవరిలో పిట్స్‌బర్గ్‌ను 48-37తో ఓడించింది. 1994 సీజన్ తర్వాత బ్రౌన్స్‌కు అదే తొలి ప్లేఆఫ్ గెలుపు. మేఫీల్డ్ ఎంపిక డోర్సీది, ఆ ఘనత ఆయనకే. కానీ ఆ నలుగురి పిక్స్ ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్న ఆ గెలుపు రోజున పెద్దగా ఎవరూ వేయలేదు. డోర్సీ 2019 చివర్లో వెళ్లిపోయాడు. సాషీ బ్రౌన్ ఇప్పుడు బాల్టిమోర్ రేవెన్స్ అధ్యక్షుడు.

విమర్శకుల వాదన కూడా చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్‌లు వెంట్జ్, డిషాన్ వాట్సన్, మహోమ్స్‌లను తీసుకునే అవకాశం రెండేళ్లలో చేతికి వచ్చి చేజారిందన్నది నిజం. లాకర్ రూమ్‌లో అనుభవజ్ఞులు లేకుండా చేసి కుర్రాళ్లను ఓటమికి అలవాటు చేశారని జాక్సన్ అంటాడు. కావాలనే ఓడిపోయేలా ప్రోత్సహించారని కూడా 2022లో ఆరోపించాడు. లీగ్ జరిపించిన విచారణలో దానికి ఆధారం దొరకలేదు.

2020లో బెర్రీ జనరల్ మేనేజర్‌గా తిరిగొచ్చాడు. వయసు మీద జట్టు పట్టుదల అప్పుడు స్పష్టంగా కనిపించింది. తొలి రెండేళ్ల మొదటి రౌండ్ పిక్స్ జెడ్రిక్ విల్స్, గ్రెగ్ న్యూసమ్‌లకు ఎంపిక రోజున 21 ఏళ్లు నిండలేదు. ఒకే స్థాయిలో ఆడే 20 ఏళ్లవాడిలో 23 ఏళ్లవాడికన్నా ఎదిగే చోటు ఎక్కువని వాళ్ల లెక్క. విల్స్ విషయంలో అది ఫలించలేదు.

2022 మార్చిలో మాత్రం ఆ లెక్కలన్నీ పక్కకు పోయాయి. వాట్సన్ కోసం బ్రౌన్స్ మూడు తొలి రౌండ్ పిక్స్ ఇచ్చి, 23 కోట్ల డాలర్లకు పూర్తి గ్యారంటీ రాసింది. 2017లో తీసుకోకుండా వదిలేసిన మనిషే. అప్పటికే ఇరవైమందికి పైగా మహిళలు అతని మీద లైంగిక దుష్ప్రవర్తన కేసులు వేసి ఉన్నారు. ఆ ఒక్క నిర్ణయం నైతికంగానే సిగ్గుచేటు. డ్రాఫ్ట్ పరంగా చూసినా అది మాసీ, థేలర్‌లు వద్దన్న పనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. అప్పుడు డిపొడెస్టా, బెర్రీ ఇద్దరూ ఆఫీసులోనే ఉన్నారు. గణాంకాల వర్గం ఆ బాధ్యత నుంచి తప్పించుకోలేదు. వాట్సన్ మూడు సీజన్లలో ఆడింది 19 మ్యాచ్‌లు. 2022, 2023, 2024 డ్రాఫ్ట్‌లలో బ్రౌన్స్‌కు తొలి రౌండే లేదు. 8-26 వెనక ఉన్న ఖాళీ అదే.

2025 ఏప్రిల్‌లో జట్టు మళ్లీ 2016 దారి పట్టింది. రెండో పిక్‌ను, అంటే ట్రావిస్ హంటర్‌ను జాక్సన్‌విల్‌కు వదిలేసి, ఐదో పిక్‌తో పాటు 36వ పిక్‌నూ, 2026 తొలి రౌండ్ పిక్‌నూ తీసుకుంది. కానీ అదే డ్రాఫ్ట్‌లో 24 ఏళ్ల డిల్లన్ గాబ్రియెల్‌ను మూడో రౌండ్‌లో, కంబైన్‌లో పరుగే తీయని షెడ్యూర్ శాండర్స్‌ను ఐదో రౌండ్‌లో తీసుకుంది. వయసు నియమం, కొలతల నియమం రెండూ క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వచ్చేసరికి సడలాయి. సీజన్ చివరి ఏడు మ్యాచ్‌లలో ఆరంభం నుంచి ఆడింది శాండర్సే. అతన్ని నమ్మాలా, మళ్లీ వెతకాలా అన్నదే సీజన్ ముగిసేసరికి ఆఫీసు లోపలి టెన్షన్.

స్టెఫాన్‌స్కీ వెళ్లాక 2026 జనవరిలో కొత్త కోచ్ కోసం ఇంటర్వ్యూలు నడిచాయి. 2026 డ్రాఫ్ట్ మొదలుకు తేదీ ఏప్రిల్ 23, వేదిక పిట్స్‌బర్గ్. జాక్సన్‌విల్ 2025 సీజన్‌లో 13 మ్యాచ్‌లు గెలవడంతో వాళ్ల పిక్ తొలి రౌండ్ చివర్లోకి జారింది. అయినా బ్రౌన్స్‌కు తొలి రౌండ్‌లో రెండు పిక్స్ ఉండటం 2018 తర్వాత ఇదే మొదటిసారి. అప్పుడు వాటిని కూడబెట్టినవాడిని నాలుగు నెలల ముందే పంపేశారు. బెర్రీ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు.