పింఛను పట్టికగా మారిన సన్మాన పట్టిక

ఉమ్మడి అనంతపురం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మాజీ సైనికుల సన్మాన సభ కోసం అచ్చువేసిన కరపత్రంలో ఈసారి కొత్తగా చేరిన ఒక వాక్యం పాత తగవును మళ్లీ రాజేసింది. పింఛను పొందుతున్న మాజీ సైనికులు, వీరనారులు (అమరులైన సైనికుల భార్యలు) మాత్రమే పేర్లు నమోదు చేయించుకోవాలన్నది ఆ వాక్యం. దాన్ని రాయించినవారూ, తీసివేయాలంటున్నవారూ ఏళ్ల తరబడి ఒకే బల్ల చుట్టూ కూర్చున్న విశ్రాంత సుబేదార్లు, హవల్దార్లే. జీతం భత్యం లేకుండా, చందాలు పోగుచేసి, ఊరూరా తిరిగి పిలుపులు చెప్పి ఈ సభను నిలబెట్టిందీ వారే. సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం కింద 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బృందానికి నాలుగేళ్ల గడువు నిండవస్తున్నందున, ఊళ్లకు తిరిగివచ్చే అగ్నివీరులను వేదిక మీదికి పిలవాలా వద్దా అన్నదే ఆ వాక్యం చాటున ఉన్న ప్రశ్న.

వాన నమ్ముకోలేని పల్లెల నుంచి కుర్రవాళ్లు సైన్యానికి ఎందుకు వెళతారో ఈ జిల్లావారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల జెండా దినోత్సవం కూడా అందరికీ తెలిసినదే. ఈ సభ మాత్రం 1971 విజయానికి గుర్తుగా డిసెంబరు 16న జరుగుతుంది. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14ను మాజీ సైనికుల దినోత్సవంగా 2016 నుంచి దేశమంతటా పాటిస్తున్నా, ఆ రోజు మనకు భోగి గానీ సంక్రాంతి గానీ అవుతుంది కనుక, పండుగ పూట ఇల్లు వదిలి ఎవరు వస్తారని ఇక్కడి పెద్దలు పాత తేదీనే ఉంచుకున్నారు.

తగవంతటికీ 2022లో వచ్చిన అగ్నిపథ్ కారణమని పట్టణంలో చెప్పుకుంటున్నారు గాని, అసలు మలుపు అంతకు ఏడేళ్ల ముందే, 2015లో వచ్చింది. అంతవరకు సన్మానితుల పేర్లు ఒక పొడవాటి లెక్కల పుస్తకంలో ఉండేవి. పుస్తకాన్ని దాచిన పెద్దాయన దగ్గర దాన్ని చూశాను. ఎర్రగుడ్డ అట్ట మూలలు అరిగిపోయాయి. స్కేలుతో గీసిన గడులలో పేరు, ఊరు, రెజిమెంటు, చేరిన ఏడు, విడిచిన ఏడు వరుసగా ఉన్నాయి. కొన్ని పేర్ల పక్కన వేరే సిరాతో కీ.శే. అని, దాని కింద భార్య పేరు రాసి ఉంది. పింఛనుకు గడి లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే పింఛను లేకుండా ఇంటికి పంపినవారు, 1960ల మొదట్లో చేరి అప్పటి నిబంధన ప్రకారం ఏడేళ్లు యూనిట్‌లో పనిచేసి రిజర్వుకు వెళ్లినవారు, ఒళ్లు చెడి మధ్యలోనే తిరిగివచ్చినవారు, పూర్తికాలం చేసి పింఛనుతో వచ్చినవారు, అందరూ అందులో ఒకరి కింద ఒకరుగా ఉన్నారు.

1973లో మూడో వేతన సంఘం తరువాత జవాన్ల పింఛను తగ్గినప్పటి నుంచి రగులుతున్న అసంతృప్తి 2015 జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షల దాకా వెళ్లింది. సెప్టెంబరు 5న ఒకే ర్యాంకు ఒకే పింఛను ప్రకటన వెలువడింది, నవంబరు 7న ఉత్తర్వు వచ్చింది, 2014 జూలై 1 నుంచి బకాయిలు లెక్కగట్టవలసి వచ్చింది. ఆ లెక్క ర్యాంకును, గ్రూపును, సర్వీసు కాలాన్ని బట్టి ఉంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పింఛను మంజూరు పత్రమైన పీపీవోలో అది చివరికి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరమవుతుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్కోసారి మాయమవుతుంది. ఈ చిక్కులు విప్పడానికి సభ పెద్దలే కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. తరువాత సైనిక పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్ష్ వచ్చి, బతికే ఉన్నామని తెలిపే జీవన ప్రమాణ పత్రం ఏటా అందులో నమోదు చేయవలసి వచ్చినప్పుడూ వారే ఆదుకున్నారు. సేద్యంతో గీతలు అరిగిన బొటనవేలిని యంత్రం గుర్తించక, పంచె అంచుకు తుడిచి మళ్లీ మళ్లీ నొక్కుతున్న ముసలివారి పక్కన ఆ పెద్దలు గంటలకొద్దీ నిలబడ్డారు. ఆ సేవను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ పని కోసం కంప్యూటర్‌లో తయారుచేసిన పట్టికలో మొదటి గడి పీపీవో నంబరు. డిసెంబరు వచ్చేసరికి ఫోన్ నంబర్లతో సహా చేతికి అందుబాటులో ఉన్నది ఆ పట్టికే కనుక పిలుపులు దాన్ని చూసే వెళ్లాయి, పాత పుస్తకం బీరువాలో ఉండిపోయింది. పింఛను లేనివారిని పిలవకూడదని ఏ సమావేశమూ తీర్మానించలేదు. అలా తప్పిపోయినవారిలో చాలామంది అప్పటికే కాలం చేశారు, మిగిలినవారు నోరు మెదపలేదు.

2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు, నాలుగేళ్ల తరువాత నలుగురిలో ఒకరికి మించకుండా కొనసాగిస్తారని, బయటికి వచ్చేవారికి సేవానిధి అనే ఏకమొత్తం తప్ప పింఛను గాని, మాజీ సైనికుల ఆరోగ్య పథకమైన ఈసీహెచ్ఎస్ వైద్యం గాని, క్యాంటీన్ కార్డు గాని, మాజీ సైనికుడన్న హోదా గాని ఉండవని కేంద్రం స్పష్టంగానే చెప్పింది. కరపత్రాన్ని సమర్థించేవారు పట్టుకున్నది ఈ నిబంధననే. చట్టం ఇవ్వని హోదాను శాలువాతో ఇవ్వలేమని, పదిహేను పదిహేడేళ్లు చేసినవారిని నాలుగేళ్లవారితో ఒకే వరుసలో కూర్చోబెడితే పెద్దవారు నొచ్చుకుంటారని వారి వాదన.

రెండో పక్షం 2025 మే నెలను గుర్తుచేస్తోంది. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో జమ్మూ కాశ్మీర్ సరిహద్దు దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో మరణించిన మురళీ నాయక్‌ది గోరంట్ల మండలం కళ్లితండా. 2022లో జిల్లా రెండుగా చీలినప్పుడు ఆ మండలం శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లింది గాని, ఆ చావును ఇటువైపు ఎవరూ పక్క జిల్లా చావుగా చూడలేదు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి, ఉప ముఖ్యమంత్రి, మంత్రులు తండాకు వచ్చారు. అతడు అగ్నివీరుడు. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుడి కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా వంటివి అందుతాయి. నెలనెలా వచ్చే కుటుంబ పింఛను మాత్రం ఉండదు. కనుక కరపత్రంలోని మాటను అక్షరాలా పాటిస్తే, అటువంటి కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు కూడా ఆ వేదిక మీద చోటు లేదు. వాక్యం రాయించినవారికి ఆ ఉద్దేశం లేదనే అంటున్నారు. వారి ప్రత్యర్థులు కూడా ఆ మాటను కాదనడం లేదు. పట్టికను మార్చకుండా మినహాయింపులు మాత్రం ఇస్తూ పోతే, ఎవరికి ఇవ్వాలో ఏటా ఎవరు తేలుస్తారని అడుగుతున్నారు.

రెండో పక్షంవారు పాత పుస్తకాన్ని బీరువాలోంచి తీయించి సమావేశంలో బల్ల మీద పెట్టారు. ఏడేళ్లు చేసి వచ్చినవారి పేర్లున్న పుట తెరిచి, వీరికి శాలువా కప్పినప్పుడు ఎవరు నొచ్చుకున్నారని అడిగారు. దానికి అవతలివారు జవాబు చెప్పలేదు. పుస్తకంలో లెక్కలు సరిగా లేవని, కొన్ని పేర్లు రెండుసార్లు ఉన్నాయని అన్నారు. అది నిజమే.

కరపత్రాల రెండో విడత అచ్చు ప్రస్తుతానికి ఆపారు. శాలువాలు ఎన్ని కావాలో బట్టల దుకాణానికి ఇంకా చెప్పలేదు.