వత్తారా ఏ దేశస్థుడు? ఐవరీ కోస్ట్‌ను ముప్పై ఏళ్లు కుదిపిన ప్రశ్న

2025 అక్టోబరు 25న జరిగిన ఎన్నికల్లో ఐవరీ కోస్ట్ అధ్యక్షుడు అలసాన్ వత్తారా నాలుగోసారి గెలిచారు. వయసు 83. వచ్చిన ఓట్లు దాదాపు 90 శాతం. గట్టి పోటీ ఇవ్వగలవాళ్లు ఇద్దరూ బరిలోనే లేరు మరి. మాజీ అధ్యక్షుడు లోరాన్ బాగ్బోకు పాత కేసులో పడిన శిక్ష అడ్డమొచ్చింది. క్రెడిట్ స్విస్ బ్యాంకుకు సీఈవోగా చేసి స్వదేశానికి వచ్చిన తిజాన్ తియామ్ పేరును ఏప్రిల్‌లోనే దేశంలోని పెద్ద నగరం అబిజాన్‌లోని కోర్టు ఓటర్ల జాబితా నుంచి కొట్టేసింది. 1987లో ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్నప్పుడే ఆయనకు సొంత దేశ పౌరసత్వం పోయిందన్నది కోర్టు మాట. ఎన్నికల ముందు ఫ్రెంచి పౌరసత్వాన్ని వదులుకున్నా లాభం లేకపోయింది.

ఒకప్పుడు ఇదే పౌరసత్వం పేరు చెప్పి వత్తారానే అధ్యక్ష పోటీకి దూరం పెట్టారు.

దీని మూలాలు కోకో తోటల్లో ఉన్నాయి. 1960లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 1993లో చనిపోయేదాకా ఫెలిక్స్ ఉఫువే-బ్వానీయే ఇక్కడ అధ్యక్షుడు. కోకో, కాఫీ సాగుకు మనుషులు కావాలి. అందుకని ఉత్తరాన ఉన్న అప్పర్ వోల్టా (ఇప్పటి బుర్కినా ఫాసో), మాలీ నుంచి లక్షల మంది కూలీలను రానిచ్చారు. దున్నేవాడిదే భూమి అన్నారు. ప్రపంచంలో ఎక్కువ కోకో పండించే దేశంగా ఐవరీ కోస్ట్ ఎదిగిందంటే అందులో ఈ వలస కూలీల చెమట చాలా ఉంది. 1998 జనాభా లెక్కల్లో విదేశీయుల వాటా 26 శాతంగా తేలింది. అయితే ఎవరు విదేశీయుడన్నదే తేలని ప్రశ్న. 1932లో ఫ్రెంచివాళ్లు అప్పర్ వోల్టాను ముక్కలు చేసి పెద్ద భాగాన్ని ఐవరీ కోస్ట్‌లో కలిపేశారు. మళ్లీ విడదీసింది 1947లో. వత్తారా ఐవరీ కోస్ట్‌లోని దింబోక్రోలో పుట్టింది 1942లో. అంటే, తర్వాత ఏ సరిహద్దు గురించి అంత గొడవ జరిగిందో ఆయన పుట్టేనాటికి ఆ సరిహద్దే లేదు.

వత్తారా హైస్కూలు చదువు అప్పర్ వోల్టాలో సాగింది. ఆ తర్వాత అమెరికా వెళ్లి, 1972లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)లో పనిచేశారు, పశ్చిమ ఆఫ్రికా దేశాల ఉమ్మడి కేంద్ర బ్యాంకుకు గవర్నర్ అయ్యారు. కోకో ధరలు కుప్పకూలి ఖజానా ఖాళీ అయినప్పుడు, 1990లో ఉఫువే ఆయన్ని పిలిచి ప్రధానిని చేశారు. వత్తారా ఖర్చులు కోశారు, ప్రభుత్వ సంస్థలను ప్రైవేటుకు ఇచ్చారు. విదేశీయులకు నివాస కార్డు తప్పనిసరి చేసిందీ ఆయన ప్రభుత్వమే. వత్తారాను బాధితుడిగా మాత్రమే చూపించేవాళ్లు ఈ కార్డు సంగతి ఎత్తరు.

1993 డిసెంబరు 7న ఉఫువే కన్నుమూశారు. కుర్చీ కోసం రెండు రోజులు పెనుగులాట. చివరికి అసెంబ్లీ స్పీకర్ ఆన్రీ కొనాన్ బేడియే గెలిచారు, వత్తారా రాజీనామా చేసి మళ్లీ ఐఎంఎఫ్‌కు వెళ్లిపోయారు. ఆయన తిరిగొస్తారన్న భయంతోనే అనాలి, బేడియే 'ఇవ్వారితే' నినాదం అందుకున్నారు. మూలవాసులు వేరు, వలస వచ్చినవాళ్లు వేరు అన్నది దాని సారాంశం. అధ్యక్ష అభ్యర్థి తల్లిదండ్రులిద్దరూ పుట్టుకతోనే ఈ దేశస్థులై ఉండాలని 1994లో చట్టం తెచ్చారు. వత్తారా తండ్రి బుర్కినా మనిషని ప్రత్యర్థుల ఆరోపణ. వత్తారా కాదన్నారు. 1995 ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు.

గురి వత్తారా మీద పెట్టినా దెబ్బ ఆయనలాంటి ఉత్తరాది ముస్లింలందరికీ తగిలింది. పేరు వింటే చాలు, చెక్‌పోస్టుల దగ్గర పోలీసులు పక్కకు లాగేవారు, గుర్తింపు కార్డులు చించేసేవారు. గ్రామీణ భూమికి ఈ దేశ పౌరులే యజమానులు కావాలని 1998లో ఇంకో చట్టం వచ్చింది. దున్నేవాడిదే భూమి అన్న మాట నమ్ముకుని వచ్చినవాళ్ల కాళ్ల కింద నేల కదిలింది. నా దృష్టిలో అధ్యక్ష పదవి గొడవ కన్నా లోతుగా గాయం చేసింది ఈ భూచట్టమే.

1999 క్రిస్మస్ ముందురోజు సైన్యం బేడియేను దించేసింది. 2000 ఎన్నికలకు 19 మంది దరఖాస్తు పెడితే సుప్రీంకోర్టు 14 మందిని తిరస్కరించింది. వాళ్లలో వత్తారా ఒకరు. బాగ్బో గెలిచారు, వీధుల్లో నెత్తురు పారింది. అబిజాన్ శివారు యోపుగోన్‌లో 57 శవాలు ఒకేచోట దొరికాయి. 2002 సెప్టెంబరులో ఉత్తరాది సైనికులు తిరగబడ్డారు. దేశం రెండు ముక్కలైంది. 2007లో ఒప్పందం కుదిరాక సంచార కోర్టులు ఊరూరా తిరిగి, కాగితాలు లేనివాళ్లకు జనన ధ్రువపత్రాలు ఇచ్చాయి.

2010లో వత్తారాకు ఎట్టకేలకు పోటీ చేసే అవకాశం వచ్చింది. రెండో రౌండులో ఆయనకు మద్దతిచ్చింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ బేడియేనే! వత్తారాకు 54 శాతం ఓట్లు వచ్చాయని ఎన్నికల సంఘం ప్రకటిస్తే, రాజ్యాంగ మండలి లెక్క మార్చి బాగ్బోను గెలిపించింది. వత్తారా నెలల తరబడి గోల్ఫ్ హోటల్లో ఐక్యరాజ్యసమితి బలగాల కాపలాలో ఉండాల్సి వచ్చింది. దాదాపు 3,000 మంది చనిపోయారు. 2011 ఏప్రిల్ 11న బాగ్బో పట్టుబడ్డారు. అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2019లో ఆయన్ని నిర్దోషిగా వదిలేసింది. వత్తారా పక్షాన పోరాడిన కమాండర్లను మాత్రం ఆ కోర్టు బోనెక్కించలేదు.

తర్వాతి ఏళ్లలో ఆర్థిక వ్యవస్థ పరుగెత్తింది, రోడ్లు, వంతెనలు వచ్చాయి. అబిజాన్‌లో 2014లో తెరిచిన పెద్ద వంతెనకు బేడియే పేరే పెట్టారు. 2016 రాజ్యాంగంలో తల్లి గానీ తండ్రి గానీ ఒకరు ఈ దేశస్థులైతే చాలన్నారు. 2020 మార్చిలో ఇక పోటీ చేయనన్న వత్తారా, వారసుడిగా ఎంచుకున్న ప్రధాని అమాదు గోన్ కూలిబాలీ జూలైలో చనిపోవడంతో మాట మార్చారు. కొత్త రాజ్యాంగంతో పదవీకాలాల లెక్క మళ్లీ మొదటినుంచి అన్నది ఆయన వాదన. ప్రతిపక్షం బహిష్కరించిన ఆ ఎన్నికల గొడవల్లో 85 మంది చనిపోయారు.

తియామ్‌ను ఆపింది మాత్రం బేడియే కాలపు చట్టం కాదు, 1961 నాటి పౌరసత్వ చట్టంలోని 48వ అధికరణం. మరో దేశ పౌరసత్వం కోరి తీసుకున్నవాడికి సొంత పౌరసత్వం పోతుందని అది చెబుతుంది. వత్తారా పద్నాలుగేళ్ల పాలనలో దాన్ని సవరించలేదు. ఇంతకీ తియామ్ నాయకత్వం వహిస్తున్న పీడీసీఐ మరెవరిదో కాదు, ఉఫువే స్థాపించి, బేడియే చేతుల్లో 'ఇవ్వారితే'ను మోసిన పార్టీయే.